మియాటా అడుగు పని: మౌంట్లు, పీపీఎఫ్, బోల్టుల డైరీ

బండి 1991 మాజ్డా ఎంఎక్స్-5 మియాటా. 1.6 లీటర్ ఇంజను, అయిదు గేర్లు, లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్. న్యూజెర్సీలో చలికాలం ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగింది కాబట్టి అడుగున తుప్పు బాగానే ఉంది. జబ్బులు రెండు. రెండో గేర్‌లో యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ తొక్కితే సీట్ల వెనక నుంచి 'టంగ్' అని శబ్దం వస్తోంది. గంటకు అరవై మైళ్ళు దాటాక నేలలో సన్నగా వణుకు మొదలవుతోంది. చక్రాలు బ్యాలెన్స్ చేయించినా వణుకు పోలేదు. అంటే వెతకాల్సింది ఇంజను నుంచి డిఫరెన్షియల్ (వెనక చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె, పొట్టిగా డిఫ్) దాకా ఉన్న బిగింపుల్లో.

పానా పట్టే ముందు ఈ బండి అమరిక తెలియాలి. మామూలు వెనక చక్రాల బండిలో గేరుబాక్సు తోకకి ఒక క్రాస్‌మెంబరు, దానికో రబ్బరు మౌంటింగ్ ఉంటాయి. మియాటాలో అది లేదు, గేరుబాక్సు బాడీకి ఎక్కడా తగలదు. ఇంజను ముందు సబ్‌ఫ్రేమ్ (బాడీకి బిగించిన ఇనుప చట్రం) మీద రెండు రబ్బరు మౌంట్ల పైన కూర్చుంటుంది. డిఫరెన్షియల్ వెనక సబ్‌ఫ్రేమ్‌కి రెండు రబ్బరు బుష్‌ల మీద వేలాడుతుంది. గేరుబాక్సు తోకని, డిఫ్ మూతిని కలుపుతూ ఒక పొడవాటి అల్యూమినియం దూలం ఉంది. దాన్ని మాజ్డా వాళ్ళు పవర్ ప్లాంట్ ఫ్రేమ్ అంటారు, పొట్టిగా పీపీఎఫ్. పల్లకిలా రెండు చివర్లే మోస్తాయి, మధ్య బరువంతా బొంగు మీదే. 1984 కొర్వెట్‌లోనూ, తర్వాత వచ్చిన మూడో తరం ఆర్‌ఎక్స్-7లోనూ ఇదే పద్ధతి.

ఇలా ఎందుకు చేశారో ఒక లెక్కతో తేలుతుంది. ఇంజను గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) సుమారు 136 న్యూటన్ మీటర్లు. ఫస్ట్ గేర్ నిష్పత్తి 3.136, కాబట్టి గేరుబాక్సు నుంచి డిఫ్‌కి వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో సుమారు 426. ఫైనల్ డ్రైవ్ 4.300, కాబట్టి యాక్సిళ్ళ దగ్గర సుమారు 1,830. చక్రాలు ముందుకు తిరిగితే అంతే బలంతో డిఫ్ పెట్టె వెనక్కి తిరగబోతుంది, అంటే దాని మూతి పైకి లేవాలని చూస్తుంది. డిఫ్ ఒక్కటే ఉంటే ఆ తోపుడంతా దగ్గర దగ్గరగా ఉన్న రెండు బుష్‌ల మీదే పడేది, వాటిని రాయిలా గట్టిగా చేయాల్సి వచ్చేది. పీపీఎఫ్ ఉండడంతో ఇంజను దాకా అంతా ఒకే పొడుగు ముక్క అయింది. ఆ పొడుగు వల్ల చివర్లలో పడే బలం తక్కువ, మెత్తటి రబ్బరు సరిపోతుంది. అందువల్ల పీపీఎఫ్ బోల్టులు ఏదో బ్రాకెట్‌ని పట్టుకున్న బోల్టులు కావు. వాటిలో ఒక్కటి వదులైనా మిగతా నాలుగు రబ్బర్లూ చేయాల్సిన దానికంటే ఎక్కువ పని చేస్తాయి, తొందరగా చస్తాయి.

లేపడం, ఊపి చూడడం

వెనక జాకీని డిఫ్ కింద పెట్టి లేపడం ఈ బండికి మామూలే. కానీ మౌంట్లు చూసే పని ఉన్నప్పుడు ఒక చిక్కుంది. డిఫ్ కింద జాకీ ఉన్నంతసేపు బుష్‌లు పైకి నొక్కుకుని ఉంటాయి, చిరుగు మూసుకుపోతుంది. అందుకే బండిని నాలుగు స్టాండ్ల మీద దించి, జాకీ పూర్తిగా తీసేసి, డిఫ్ తన బరువుతో వేలాడుతున్నప్పుడే చూశాం. స్టాండ్ల మీద పెట్టాక బండిని చేత్తో గట్టిగా ఊపి, కదలకపోతేనే కిందికి దూరాలి. ఒంటి జాకీ మీద ఉన్న బండి కిందికి ఎవరూ పోకూడదు.

పానా వేయక ముందే కళ్ళతో చూసేది చాలా ఉంటుంది. బోల్టు తల చుట్టూ ఇనుము మీద ఎర్రటి మెత్తటి పొడి, అల్యూమినియం మీద నల్లటి మురికి పొడి ఉంటే ఆ జత లోపల జరుగుతోందని అర్థం. ఇది మామూలు తుప్పు కాదు. తుప్పు అంతటా సమానంగా పడుతుంది. రాపిడి పొడి బోల్టు చుట్టూ గీత గీసినట్టు, ఒక్కోసారి తోక చుక్కలా ఒక దిక్కుకే సాగి కనబడుతుంది. వాషరు కింద మెరిసే అర్ధచంద్రాకారం గీత కూడా అదే చెబుతుంది. ఈ బండిలో పీపీఎఫ్ ముందు చివర, గేరుబాక్సు వైపు రెండు బోల్టుల్లో ఒకదాని చుట్టూ నల్లపొడి దొరికింది. వెనక చివర శుభ్రంగా ఉంది.

ఇంజను మౌంట్లు

బానెట్ తెరిచి, హ్యాండ్ బ్రేకు లాగి, ఒకరు బ్రేకు గట్టిగా తొక్కి ఫస్ట్ గేర్‌లో క్లచ్‌ని కొంచెం పట్టిస్తారు. తర్వాత రివర్స్‌లో అదే. రెండోవారు పక్క నుంచి చూస్తారు, బండి ముందు మాత్రం నిలబడరు. బాగున్న మౌంట్ల మీద ఇంజను కొద్దిగా ఒరిగి ఆగుతుంది. చిరిగిన మౌంటు ఉంటే ఒక వైపు మూతి లేచి, వదలగానే దబ్బున కూర్చుంటుంది.

ఇక్కడ ఎగ్జాస్ట్ వైపు మౌంటు పోయింది. ముప్పయ్యేళ్ళు వేడిలో ఉడికిన రబ్బరు లోహపు పళ్ళెం నుంచి ఊడి వచ్చేసింది. ఇన్‌టేక్ వైపుది చూపుకి బాగానే ఉన్నా నొక్కితే గట్టిపడింది. జతగానే మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి గట్టిపడినది పెడితే ఇంజను వంకరగా ఒరుగుతుంది, ఎగ్జాస్ట్ పైపు దేన్నో ఒకదాన్ని తగులుతుంది. పాలీయురెథేన్ మౌంట్లు దొరుకుతాయి గానీ రోడ్డు మీద తిరిగే బండికి వద్దు: ఐడిల్‌లో అద్దాలు, డ్యాష్‌బోర్డు మోగుతాయి, వణుకు ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవడం ఇంకా కష్టమవుతుంది. రబ్బరు మౌంట్లే వేశాం.

మార్చేటప్పుడు ఆయిల్ పాన్ కింద వెడల్పాటి చెక్క పెట్టి, బరువు మౌంట్ల మీద నుంచి లేచేంత మాత్రమే ఎత్తాలి. ఎక్కువ ఎత్తితే వెనక హీటరు గొట్టాలు సాగుతాయి. పీపీఎఫ్ ఇంకా బిగించి ఉంటే ఇంజను ఎత్తిన కొద్దీ డిఫ్ బుష్‌లు కూడా మెలిపడతాయి. కొత్త మౌంట్ల నట్లు ఈ దశలో చేతి బిగువులోనే ఉంచాం. అసలు బిగింపు పీపీఎఫ్ ఎత్తు కుదిరాకే. ముందే బిగిస్తే రబ్బరు మెలితిరిగిన స్థితిలో ఇరుక్కుని, మొదటి రోజు నుంచే ఒక పక్కకి లాగుతూ ఉంటుంది.

మౌంటు మీద నూనె ఉంటే ముందు ఆ కారుడు ఆపాలి. నూనె తాగిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఈ ఇంజన్లలో హెడ్ వెనక ఉండే క్యామ్ యాంగిల్ సెన్సర్ ఓ-రింగ్ నుంచి నూనె జారి బెల్ హౌసింగ్ మీద పడడం పాత జబ్బే. దాన్ని చాలామంది క్రాంక్ వెనక సీల్ అనుకుని గేరుబాక్సు దించేస్తారు. ముందు ఈ చిన్న రింగు మార్చి, కడిగి, వారం తిప్పి చూడడం తెలివి.

డిఫ్ బుష్‌లు, ప్రొపెల్లర్ షాఫ్ట్

బుష్‌లు బాగానే ఉన్నాయి. పైపైన సన్నటి పగుళ్ళు ఉన్నా అవి లోతుకి పోలేదు. పొడుగు రాడ్డు సబ్‌ఫ్రేమ్‌కి, డిఫ్ చేతికి మధ్య పెట్టి కిందికీ పైకీ వంచి చూస్తే లోహం తగిలిన శబ్దం రాలేదు. రాడ్డుని డిఫ్ కవరు మీద ఆనించకూడదు, అల్యూమినియం అంచు విరుగుతుంది.

ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒకే ముక్క, మధ్యలో బేరింగ్ లేదు. రెండు చివర్లా యూనివర్సల్ జాయింట్లు, ముందు చివర ఉన్న స్లిప్ యోక్ (జారే మూతి) గేరుబాక్సులోకి జారుతుంది. డిఫ్ వైపు ఫ్లాంజికి నాలుగు బోల్టులు, 27 నుంచి 30 న్యూటన్ మీటర్ల బిగువు. ఇది చిన్న అంకె. అర అంగుళం డ్రైవ్ పెద్ద టార్క్ రెంచితో ఈ బోల్టులు బిగిస్తే క్లిక్కు తెలియకుండానే దాటిపోతుంది, బోల్టు సాగుతుంది. రెంచి గరిష్ఠ అంకెలో అయిదో వంతు కంటే కింద ఏ రెంచినీ నమ్మకూడదు. విప్పే ముందు ఫ్లాంజి మీదా షాఫ్ట్ మీదా ఒకే గీత పెయింట్‌తో గీయాలి, మళ్ళీ అదే స్థానంలో పెట్టాలి. యోక్ బయటకి లాగితే గేరుబాక్సు నూనె కారుతుంది, తోకకి మూత పెట్టేది ముందే దగ్గర ఉంచుకోవాలి.

జాయింటుని చేత్తో మెలితిప్పి చూస్తే ఆట లేదు, గరగర లేదు, ఏ దిక్కుకీ పట్టేసినట్టు లేదు. వణుకు షాఫ్ట్‌ది కాదు.

పీపీఎఫ్

ముందు ఎగ్జాస్ట్ మధ్య పైపు దించాలి. నట్లకి ముందురోజే తుప్పు నూనె కొట్టి వదిలేయడం మేలు. పీపీఎఫ్‌కి పట్టి ఉన్న వైర్ల క్లిప్పులు ఊడదీయాలి, లేకపోతే దూలం దించేటప్పుడు వైర్లే దాన్ని మోస్తాయి.

తర్వాత రెండు జాకీలు, ఒకటి గేరుబాక్సు కింద, ఒకటి డిఫ్ మూతి కింద. గేరుబాక్సు కింద ఆధారం లేకుండా బోల్టులు తీస్తే తోక కిందికి పడుతుంది, ఇంజను వెనక్కి ఒరుగుతుంది, హెడ్ వెనక ఉన్న సెన్సర్ ఫైర్‌వాల్‌ని కొడుతుంది. డిఫ్ కూడా తన రెండు బుష్‌ల చుట్టూ తిరిగి మూతి వాలుస్తుంది.

నాలుగు బోల్టులకీ 17 సాకెట్. ముందు రెండు గేరుబాక్సు పక్కకి, వెనక రెండు పొడుగువి, కింద నుంచి పైకి. వెనక వాటిలో ఒకదానికి స్లీవు, దిమ్మ ఉంటాయి. అదే అందరూ ఇరుక్కునే చోటు. ఆ స్లీవు, దిమ్మ తీసే పనికి ఎం14, 1.5 పిచ్ బోల్టు (14 మిల్లీమీటర్ల లావు, మరకీ మరకీ 1.5 మిల్లీమీటర్లు), ఎం6, 1.0 పిచ్ బోల్టు మాజ్డా మాన్యువల్లోనే చెప్పారు. ఆ రెండు బోల్టులు పని మొదలుపెట్టే ముందే తెచ్చి పెట్టుకోవాలి. సుత్తితో కొట్టి తీసినవాళ్ళ దూలాలు రంధ్రం అంచున పగిలి కనబడతాయి.

విప్పే ముందు ఒక పరీక్ష. టార్క్ రెంచి 104కి పెట్టి, బిగించే దిక్కులో మెల్లగా లాగాలి. పీపీఎఫ్ బోల్టుల నిర్దేశిత బిగువు 104 నుంచి 123 న్యూటన్ మీటర్లు. కదలకుండా క్లిక్కుమంటే బోల్టు ఆ కింది హద్దుకి దిగలేదన్నంతవరకే నమ్మాలి, అంతకు మించి కాదు. ఆగి ఉన్న మరల రాపిడి తిరుగుతున్న మరల కంటే ఎక్కువ, పైగా తుప్పు పట్టేసిన బోల్టు బిగువు లేకపోయినా కదలదు. క్లిక్కుకి ముందే తిరిగితే మాత్రం సందేహం లేదు. నల్లపొడి ఉన్న ముందు బోల్టు క్లిక్కుకి ముందే తిరిగింది. అనుమానం వచ్చిన చోట సరైన పని ఒక్కటే: గీత గీసి, పూర్తిగా విప్పి, శుభ్రం చేసి, కొత్తగా బిగించడం.

బోల్టు ఎందుకు వదులవుతుంది? దడకి తనంతట తాను తిరిగిపోతుందనుకుంటాం. జర్మన్ ఇంజనీరు గెర్‌హార్డ్ యుంకర్ 1969లో చూపించింది వేరు: జత ముఖాలు అడ్డంగా జరిగినప్పుడే మర తల తిప్పుకుంటుంది. జత జారకుండా పట్టేంత నొక్కుడు ఉంటే వాషరు ఏదైనా పర్లేదు. నొక్కుడు పోతే స్ప్రింగ్ వాషరు ఏమీ ఆపలేదు. నొక్కుడు పోవడానికి కారణాలు సాధారణంగా పెయింటు, మట్టి, తుప్పు పొర. ముఖాల మధ్య ఉన్న ఆ పొర నలిగి పలచబడితే బోల్టు సాగిన సాగుడు పోతుంది. ఈ బండిలో పీపీఎఫ్ ముఖానికీ గేరుబాక్సు ముఖానికీ మధ్య తెల్లటి అల్యూమినియం పొడి గడ్డలు కట్టి ఉంది, ఉప్పునీటి పని. ఎవరో ఒకప్పుడు దూలం దించి, తుడవకుండానే బిగించారు.

ముఖాలు నైలాన్ స్క్రబ్ ప్యాడ్‌తో రుద్ది, బ్రేక్ క్లీనర్‌తో కడిగి, తుడిచాం. గ్రైండరు పెట్టకూడదు, ముఖం ఎత్తుపల్లాలైతే మళ్ళీ అదే కథ. వెనక రంధ్రాల మూలల్లో పగుళ్ళ కోసం ఎర్ర డై పరీక్ష చేశాం, ఏమీ కనబడలేదు. వదులైన బోల్టు ఉన్న రంధ్రం కోలగా సాగలేదు, వెర్నియర్‌తో రెండు దిక్కులా కొలిస్తే ఒకటే వచ్చింది. సాగి ఉంటే దూలం మార్చడమే, వెల్డింగ్ పనికిరాదు.

బోల్టులు నాలుగూ కొత్తవి వేశాం, అదే గ్రేడు. పాతవాటిని వాడదలచుకుంటే శుభ్రమైన నట్టు మర మొత్తం మీద వేళ్ళతో తిరగాలి. ఎక్కడైనా బిగుసుకుంటే ఆ బోల్టు సాగింది. తుప్పు పట్టదని స్టెయిన్‌లెస్ బోల్టులు వేసేవాళ్ళున్నారు. మామూలు ఎ2-70 స్టెయిన్‌లెస్ 450 మెగాపాస్కల్ దగ్గరే సాగడం మొదలుపెడుతుంది. 10.9 గ్రేడు ఉక్కు 900 దాటాకే సాగుతుంది. పైగా అల్యూమినియం పక్కన స్టెయిన్‌లెస్, మధ్యలో ఉప్పునీరు ఉంటే తినబడేది అల్యూమినియమే.

మరలకి ఏం పూయాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చిన్నది కాదు. మనం రెంచి మీద పెట్టే బలంలో సుమారు పదో వంతే బోల్టుని సాగదీస్తుంది, మిగతాదంతా తల కింద, మరల్లో రాపిడికే పోతుంది. ఉదాహరణకి ఎం12, 1.25 పిచ్, 10.9 గ్రేడు బోల్టు. 57 కిలోన్యూటన్ల నొక్కుడు కావాలంటే పొడి మరలకి సుమారు 137 న్యూటన్ మీటర్లు పట్టాలి, నూనె రాసిన మరలకి 103 చాలు. నూనె రాసి 137 పెడితే బోల్టు 76 కిలోన్యూటన్లకి వెళ్తుంది, దాని ప్రూఫ్ హద్దు (శాశ్వతంగా సాగకుండా తట్టుకునే బలం) దాదాపు అక్కడే. మాన్యువల్ అంకె పొడి మరలకని అనుకుని మరలు శుభ్రంగా, పొడిగా ఉంచాం. తుప్పు రాకుండా పూసిన మైనం బిగించాక బయట తల మీద మాత్రమే.

ఎత్తు కుదర్చడం

వణుకు అసలు కారణం ఇక్కడ దొరికింది. పీపీఎఫ్ రంధ్రాల్లో బోల్టుకి కొంచెం సందు ఉంటుంది. ఆ సందులో గేరుబాక్సు తోక కొన్ని మిల్లీమీటర్లు పైకీ కిందికీ ఆడగలదు. తోక వాలితే షాఫ్ట్ రెండు చివర్ల జాయింట్ల కోణాలు సమానంగా ఉండవు. ఒకటి పుట్టించిన ఊపుని రెండోది రద్దు చేయలేదు, అది నేలలో వణుకై తెలుస్తుంది.

నాలుగు బోల్టులూ చేతి బిగువులో పెట్టి, కారు నేలకి అడ్డంగా తిన్నని ఇనుప పట్టీ ఆనించి, పట్టీకీ దూలం అడుగుకీ మధ్య దూరం కొలవాలి. ఎంత ఉండాలన్నది ఆ ఏడాది బండి మాన్యువల్లో ఉంటుంది, 1.8 లీటర్ ఇంజను బండి అంకెని 1.6కి వాడకూడదు. గేరుబాక్సు కింద జాకీని ఒక్కో మిల్లీమీటరు లేపుతూ అంకె పట్టుకున్నాం. తోక వాలే ఉంది. ఆ తర్వాత డిజిటల్ కోణమాపకం గేరుబాక్సు మీదా, షాఫ్ట్ మీదా, డిఫ్ ఫ్లాంజి మీదా పెట్టి చూశాం. రెండు జాయింట్ల కోణాల తేడా ఒక డిగ్రీ లోపలికి వచ్చింది.

బిగింపు రెండు విడతలు. మొదట అన్నీ 60కి, మళ్ళీ ఎత్తు కొలత, తర్వాత 115కి. బిగిస్తుంటే దూలం తిరిగి తోకని లాగుతుంది కాబట్టి మధ్యలో కొలవకపోతే పనంతా వృథా. ఆపైన ఇంజను మౌంట్ల నట్లు, డిఫ్ నట్లు మాన్యువల్ అంకెకి. చివరగా తల మీద నుంచి వాషరు మీదుగా దూలం మీదికి ఒకే పసుపు గీత. కొన్ని వందల మైళ్ళయ్యాక టార్చితో చూస్తే చాలు: గీత విరిగితే బోల్టు కదిలింది, విరగకపోతే ముట్టుకోవద్దు. ఊరికే మళ్ళీ మళ్ళీ బిగించడం వల్ల బోల్టు సాగడమే తప్ప లాభం లేదు.

నూనెలు

అడుగున ఉన్నప్పుడే. గేరుబాక్సుకి 75డబ్ల్యు-90 జీఎల్-4, 2 లీటర్లు. ఈ 1.6 డిఫ్‌కి జీఎల్-5, 0.65 లీటరు. 1.8 బండి పెద్ద డిఫ్‌కి 1 లీటరు. నింపే ప్లగ్గు ముందు విప్పాలి, కింది ప్లగ్గు తర్వాత. నూనెంతా వదిలేశాక పై ప్లగ్గు కదలకపోతే బండి స్టాండ్ల మీదే ఉండిపోతుంది.

రోడ్డు మీద

వణుకు పోయింది. 'టంగ్' కూడా పోయింది, కానీ దాని కింద దాక్కున్న ఇంకో శబ్దం బయటపడింది: ఆగిన బండి కదిలేటప్పుడు, రివర్స్ నుంచి ఫస్ట్‌కి మారినప్పుడు వెనక ఒక చక్రం దగ్గర ఒక్క 'టిక్'. దీనికి మౌంట్లతో సంబంధం లేదు. యాక్సిల్ బయటి జాయింటు భుజం హబ్ బేరింగ్ ముఖానికి ఆనుకున్న చోట పొడిగా రాసుకుంటే వస్తుంది. యాక్సిల్ నట్టు 29 సాకెట్‌ది, తీయడానికి ముందు వంచి గుచ్చిన అంచుని ఉలితో నిటారు చేయాలి. వదులు చేయడం చక్రం నేల మీద ఉండగానే, బ్రేకు తొక్కి. యాక్సిల్‌ని వెనక్కి నెట్టి, ఆ ముఖం మీద, స్ప్లైన్ల మీద పలచగా గ్రీజు, మర మీద మాత్రం వద్దు. నట్టు కొత్తది, 216 నుంచి 294 న్యూటన్ మీటర్లు, ఆ తర్వాత అంచు గాడిలోకి గుచ్చాలి. చక్రం నట్లు 88 నుంచి 118, ఎదురెదురుగా. ఎడమ వైపుది అయింది, టిక్ అటు నుంచి రావడం లేదు. కుడి వైపు కొత్త నట్టు రావాలి.